తొమ్మిదో పేరా

బీచ్ రోడ్డు హోటల్లో మూడో అంతస్తు.
గాజు గదిలో నేను, నా చెవుల మీద ఇరవై రెండు దేశాలు.
కిటికీ అవతల సముద్రం నోరు కదుపుతోంది,
దాని మాట మాత్రం ఏ చానెల్లోనూ రావడం లేదు.

నిన్న పొద్దున్నుంచీ తొమ్మిదో పేరా దగ్గరే ఉన్నాం.
‘హాని తగ్గింపు’ అన్న రెండు మాటల్ని
చతురస్రపు బ్రాకెట్లలో పెట్టారు.
ఒప్పుదల కుదరని మాటల్ని అలాగే ఉంచుతారట, తేలేదాకా.
రిమాండు లాంటిదే.
ఒక దేశం బెయిలిమ్మంటుంది,
ఒక దేశం సాక్షుల్ని అడుగుతుంది,
ఇంకో దేశానికి కామా మీద అభ్యంతరం.
అందరి గొంతూ నా గొంతే.
నాతో నేనే పోట్లాడి, నాకు నేనే కృతజ్ఞతలు చెప్పుకుని
పన్నెండింటికి గుక్కెడు నీళ్లు తాగాను.

భోజనాలయ్యాక క్షేత్రస్థాయి అనుభవం. మూడు నిమిషాలు.
గరికిన ఎల్లాజీ, జాలరిపేట.
మడత నలగని కొత్త చొక్కా,
ఈ ఉక్కలో కూడా మణికట్టు దాకా బొత్తాలు.
మైకుని వేలితో ఒకసారి తట్టి
“నానేటి సెప్తానండి బాబూ” అన్నాడు.
ఆ ‘ఏటి’ని ఇంగ్లీషులో ఎక్కడ కూచోబెట్టను?

“జ్ఞానాపురం వంతెన కింద మా కుర్రోల్లు సూదేసుకుంతారు.
ఏసుకోవద్దని సెప్పీవోల్లు శానామందే ఉన్నారు.
నాను కొత్త సూదిస్తాను, పాతది అట్టుకుంతాను,
రిజిస్టర్లో రాస్తాను, అంతే.
ఊపిరాగిపోయినోడికి ముందల ఊపిరియ్యాల గదండీ,
బుద్ధి తరవాత సెప్పుకోవచ్చు.
బతికుంతేనే గదా ఇంతాడు.”

ఆ మాట నా నోట్లోంచి ఇంగ్లీషులోకి వెళ్లింది,
పక్క గాజు గదిలో ఫ్రెంచిలోకి, దాని పక్కన అరబ్బీలోకి,
ఒక్కో గుమ్మం దగ్గరా కాస్త తల వంచుకుంటూ.
చిట్టచివర ఓ పెద్దమనిషి నోట ప్రశ్నై తిరిగొచ్చింది:
గణాంకాలు ఉన్నాయా?

ఎల్లాజీ చెవిలో గొట్టం సర్దుకున్నాడు.
“పోయినోల పేర్లు నాను కొట్టీలేదండి.
ఏడుగురు. సెప్పమంతారా?”
ఎర్రదీపం వెలిగింది.

సరుకు రవాణా మీద నాలుగో పేరా తేలిగ్గానే గడిచింది.
కొండ మీంచి బస్తా దింపిన పాంగి వారి కుర్రాడు
అడవివరం జైల్లో రెండో వానాకాలం చూస్తున్నాడు.
బస్తా ఎవరిదో ఇంకా తెలీదు.

పదకొండో పేరా: వైద్య అవసరాలకు తగినంత లభ్యత.
ఎవరికీ అభ్యంతరం లేదు.
మా పెద్దమ్మ ఎముకల్లో కాన్సరుతో పదహారు రాత్రులు అరిచింది.
మార్ఫిన్ లైసెన్సు కాయితం ఏదో బల్ల మీద నిద్రపోతోందప్పుడు.
‘తగినంత’ దగ్గర నా గొంతు తడబడింది.
సాంకేతిక లోపం అనుకుని
ఎవరో హెడ్‌ఫోన్ తట్టి చూసుకున్నారు.

సాయంత్రం తొమ్మిదో పేరాని
వచ్చే మార్చికి, ఇంకో ఊరికి, వాయిదా వేశారు.
చప్పట్లు.
చప్పట్లకి అనువాదం అక్కర్లేదు, ఆ కాసేపే నాకు విశ్రాంతి.

లిఫ్టు దగ్గర ఎల్లాజీ నా కోసం ఆగాడు.
చేతిలో అతని పేరు అచ్చేసిన అట్టముక్క, ఒక అక్షరం తప్పు.
“ఇది అట్టుకుపోవచ్చా మేడమ్?
ఆస్పత్రిలో అందరూ నన్ను ఒరేయ్ అంతారు. బల్ల మీద ఎడతాను.”
తీసుకోమన్నాను. నాదేం పోయింది.

అంతలో అతని ఫోను మోగింది.
“ఎంతసేపైందిరా? పెదాలు నీలంగున్నాయా?
పక్కకి తిప్పి పడుకోబెట్టు. మందు నా సంచిలో ఉంది.
పలకరిస్తా ఉండు, ఒగ్గీకు. నానొస్తన్నాను.”
లిఫ్టు ఇంకా ఏడో అంతస్తులోనే ఉంది.
అతను మెట్ల మీద దూకుతున్న చప్పుడు,
చంకలో అట్టముక్క.

హెడ్‌ఫోన్ నా మెడలోనే ఉండిపోయింది.
ఖాళీ వరండాలో, ఎవరూ వినని చానెల్లో
నా పెదాలు అలవాటుగా అనువదిస్తున్నాయి:
పక్కకి తిప్పి పడుకోబెట్టు.
పలకరిస్తా ఉండు.