తరుగు

పాత కోడును తిట్టుడు మా వృత్తిల పొద్దుగాల చాయ అసోంటిది.
తిట్టకపోతె పని మొదలు కాదు.
ఎవడు రాసిండురా దీన్ని, అంటం.
పేర్లు చూడు: ఎక్స్, ఎక్స్ రెండు, కొత్త ఎక్స్,
అసలైన కొత్త ఎక్స్.

నాలుగు నెలల సంది ఇదే పని నాకు,
ఏనుమాముల తొవ్వల ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీకి
మిర్చి బస్తాల లెక్క రాసే ప్రోగ్రామును తిరగరాసుడు.
మడికొండల మా ఆఫీసు మూడో అంతస్తుల ఉంటది.
ల్యాప్‌టాప్ సంచి జిప్పు తీస్తె
పక్క సీటోళ్లకు సుత తుమ్ములు.

నుస్రత్ రివ్యూ చేస్తె
నలభై లైన్లకు నలభై ప్రశ్నలు.
పేరు పెట్టరాలేదంటె పని సమజు కాలేదన్నట్టే, అంటది.
"బాగుంది" అని ఒక్కసారే రాసింది.
ఆ రోజు ఆమెకు జొరం.

ఇప్పుడైతె ఎడిటరే రాస్తది.
"తరు" అని కొట్టంగనే
మిగిలిన లైనంత బూడిద రంగుల పరిచి
నేను ట్యాబు ఒత్తేదాక మర్యాదగ ఆగుతది.
శానసార్లు కరెక్టే చెప్తది, అబద్ధమెందుకు.
లోకంల ఉన్న కోడంత చదివింది గద.
కాంటా మీద అంకె నిలవడేదాక
ఓదెలన్న ఊపిరి ఎందుకు బిగబడ్తడో
అదొక్కటి ఎక్కడ రాసిలేదు, చదువుదామంటె.

మంగళారం ఒక లైను దొరికింది.
బస్తా తూకం నలభై ఒకటి పాయింట్ ఏడు.
రసీదుల నలభై ఒకటి.
చుక్క తర్వాత ఉన్నదాన్ని
కోసి పారేస్తున్నది ఆ లైను.
టెస్టు లేదు. కామెంటు లేదు.

ఏ లైను ఎవలు రాసిండ్రో చెప్పే కమాండు ఒకటుంటది.
దాని పేరే బ్లేమ్.
నవ్వుకుంట కొట్టిన.
నా పేరు.
నాలుగేండ్ల కింద, శుక్రారం, రాత్రి ఏడు నలభై.
సందేశం: చిన్న సవరణ.

యాదికొచ్చింది.
అంకెలు గడి దాటి బయటికి పోతున్నయని
మేనేజరు ఫోను మీద ఫోను.
కాజీపేటల నా బండికి టైమయితున్నది.
కోసిన. గడిల ఇమిడినయి.
శెభాష్ అన్నడు.

కోసిన గ్రాములు డేటాబేసుల లేవు.
బ్యాకప్పుల వెతికిన, లాగుల వెతికిన.
తెల్లారి పొయ్యి ఓదెలన్నను అడిగిన,
సిగ్గుకు ముఖం మీద చేతిగుడ్డ అడ్డం పెట్టుకొని,
ఘాటుకే అన్నట్టు.
ఆయన బీరువ మీదికెల్లి నోటుబుక్కులు దించిండు, పదకొండు.
"మీ మిషిన్ల గ్రాములు వడ్తలేవని
నేనే రాసుకుంటున్న బిడ్డా.
ఎవలన్న అడుగుతరేమో అని."

నాలుగేండ్లు.
ఆ గోడకు ఈవల కూసోని ఎన్నిసార్లు డెమో ఇచ్చిన్నో.

ఆ బుక్కులకెల్లి నూట ఇరవై టెస్టులు రాసిన.
అన్ని ఎర్రగ పడ్డయి.
సరిచేసుడు మల్ల ఒక్క లైనే.
సందేశం మాత్రం ఈసారి పదిహేను లైన్లు,
ఎవలు కోసిండ్రో, ఎందుకో, ఎవలి బుక్కు చూసి తెలిసిందో.

చదివి నుస్రత్ ఒక్కటే ప్రశ్న రాసింది:
ఇప్పటిదాక పోయిన దానికి?

దానికి నా తాన కమాండు లేదు.
మొత్తం లెక్క కట్టి ఓనరుకు పంపిన.
చూద్దాం, అన్నడు.

అప్పటికి శుక్రారం సాయంత్రం.
శుక్రారం ఏదీ పైకి ఎక్కించద్దని
బోర్డు మీద రాసిందే నుస్రత్.
"శని, ఐతారం ఎన్ని బస్తాలొస్తయి?"
రెండువేలకు తక్కువ రావన్న.
కుర్చి జరుపుకొని వచ్చి తనే ఒత్తింది.

ఎనిమిదిన్నర దాక లాగు చూసుకుంట కూసున్నం.
తొలి బస్తా వచ్చింది,
ముప్పై తొమ్మిది పాయింట్ నాలుగు.
రసీదుల నాలుగు ఉన్నది.
గడి దాటి కొంచెం బయటికి పోయింది.
పోనీ, అన్నది నుస్రత్.