ఎవరూ చాలనలేదు

సాస్కటూన్‌లో ఫిబ్రవరి. బయట మైనస్ ముప్ఫై ఒకటి.
లైబ్రరీ రెండో అంతస్తులో
ఒక కిటికీ బార్లా తెరిచి ఉంది.
ఉక్కపోస్తోందట.

నోరీన్ దెజార్లే కోటైనా విప్పకుండా
గోడకి అరచెయ్యి ఆనించింది,
పిల్లాడికి జ్వరం చూసినట్టు.
కొత్తవి అమ్మడానికి రాలేదు మేము.
ఉన్నదాన్నే మళ్ళీ మొదట్నుంచి
అడిగి తెలుసుకోవడానికి వచ్చాం.
నిచ్చెన పట్టుకోవడం నా పని,
ఆమె చెప్పిన అంకెలు రాసుకోవడం.

బేస్‌మెంట్‌లో ఓరెస్ట్ హ్నాటియుక్,
ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ బాయిలర్‌కి తోడు.
"ఇక్కడ పాడైందేదీ లేదు," అన్నాడు
మేం అడక్కముందే, చేతులు కట్టుకుని.
నిజమే.
అన్నీ పనిచేస్తున్నాయి. అదే చిక్కు.

ఒకే గదికి రెండు గొట్టాలు.
ఒకదాన్నిండా బయటి చలి,
ఒకదాన్నిండా కాచిన గాలి.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడంటారు గానీ
ఇక్కడది తోడు కాదు, దాయాదుల పోరు.
ఇద్దరి వకీళ్ళ ఫీజూ ఊరే కడుతోంది.

ఈ ప్రావిన్సులో వేసవికని ఎవరూ గడియారం జరపరు.
కంట్రోల్ పెట్టె మాత్రం
ఎప్పుడో టొరంటో నుంచి వచ్చినవాడి మాట మీద
ఏటా మార్చిలో గంట ముందుకీ
నవంబర్లో గంట వెనక్కీ
బుద్ధిగా జరుపుకుంటోంది.

బయటి చలిని కొలిచే సెన్సర్
క్యాంటీన్ పొగగొట్టం పక్కనే ఉంది.
దానికి తెలిసిన చలికాలం
వేయించిన బంగాళదుంపల వాసన వేస్తుంది.
అది చెప్పిన తప్పు దిద్దబోయి ఓరెస్ట్ ఒక మీట పెంచాడు.
ఆ మీటని దిద్దబోయి ఇంకెవరో ఇంకోటి.

మంగళవారం, గురువారం
రాత్రి పదకొండు దాకా ఫ్యాన్లు.
ఎందుకు?
"కొత్తగా దేశం వచ్చినవాళ్ళకి ఇంగ్లిష్ క్లాసులు."
ఇప్పుడూ ఉన్నాయా?
ఓరెస్ట్ గెడ్డం గోక్కున్నాడు.
ఆ టీచరు రెజైనా వెళ్ళిపోయి పదకొండేళ్ళు.

మూడో రోజు, ఆ తెరిచిన కిటికీ పైన
సీలింగ్ పలక ఎత్తితే
వేడిగాలి రెక్క మూసుకోకుండా
అడ్డంగా విరిగిన హాకీ కర్ర ముక్క.
నల్ల టేపు ఇంకా ఊడలేదు.

ఓరెస్ట్ కాసేపు మాట్లాడలేదు.
"ఆస్టా ఐనార్సన్ అని ఒకావిడ," అన్నాడు తర్వాత,
"రోజూ పొద్దున్నే ఆ కుర్చీలో
విత్తనాల కేటలాగులు చదివేది.
చేతి తొడుగులతోనే పేజీ తిప్పేది,
ఒక్కోసారి మూడు పేజీలు ఒకేసారి.
చూడలేక పెట్టాను. వారం రోజులకనే."

ఆవిడ పోయి ఏడేళ్ళు.
కుర్చీ మాత్రం ఏడు చలికాలాలూ వెచ్చగానే ఉంది.

ఈ భవనానికి మతిమరుపు లేదు.
వెళ్ళిపోయినవాళ్ళ మాటలు కూడా
జవదాటకుండా మోస్తోంది.
ఎవరూ దానికి చాలు అనలేదు.

నోరీన్ నిచ్చెన దిగింది.
"మీరే తియ్యండి."
ఎక్కాడు. నిచ్చెన కాళ్ళ గుండా
అతని మోకాళ్ళ వణుకు నా చేతుల్లోకి వచ్చింది.
ముక్కని కోటు జేబులో వేసుకున్నాడు.
రిపోర్టులో దానికి గడి లేదు.

ఆ గురువారం రాత్రి తొమ్మిదికి ఫ్యాన్లు ఆగాయి.
నేల తుడిచే మరిలూ పరుగున వచ్చింది,
కరెంటు పోయిందా అని.
దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి.
ఎక్కడో ఒక కుళాయి కారుతున్న చప్పుడు.
అదెన్నాళ్ళుగా కారుతోందో ఎవరికి తెలుసు.

కొన్నవి: ఒక సెన్సర్, నాలుగు మరలు.
గ్యాసు బిల్లు ఏప్రిల్‌కి పద్దెనిమిది శాతం తగ్గింది.
సంతకం పెట్టి కాగితం తిరిగిస్తూ
ఓరెస్ట్ అడిగాడు:
"మూడేళ్ళకి మళ్ళీ వస్తారా?"
ఎందుకన్నాను.

"అప్పటికి నేనుండను కదా ఇక్కడ.
నేను చెప్పినవన్నీ
అది వింటూనే ఉంటుంది."