నిమిషానికో డాలర్

ఆరు దాటి వచ్చే తల్లిదండ్రులకు
నిమిషానికో డాలర్ జరిమానా.
తలుపు పక్కన అట్టముక్క మీద రాసి ఉంటుంది.
దాని కిందే ఎవరో పిల్లది గీసిన
అయిదు కాళ్ళ ఏనుగు.

మార్గో వాళ్ళమ్మ ఆరూ పదకొండుకి వచ్చింది,
మంచులో జారి, మోకాలి దగ్గర ప్యాంటు తడిసి.
ఏదో చెప్పబోయి ఊరుకుంది.
పుస్తకంలో ఆరూ ఒకటి అని రాశాను.
దొంగతనమే. పది డాలర్ల దొంగతనం.
ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకో
ఇప్పటికీ లెక్క తేలలేదు.

ఈ ఊరి పేరు వార్సెస్టర్ అని రాస్తారు,
వూస్టర్ అని పలుకుతారు.
ఇంటద్దె దానికి తలకిందులు:
పొట్టిగా చెప్తారు, పొడుగ్గా రాస్తారు.

డేకేర్‌లో నెలల పిల్లల గది నాది.
ముగ్గురికి ఒక మనిషి ఉండాలని రూలు.
నా ముగ్గురికీ ధరణి అనడానికి పళ్ళు చాలవు,
"దన్నీ" అంటారు.
నెలాఖరుకి నా చేతికొచ్చే జీతమూ
ఈ గదిలో ఒక్క బిడ్డకు కట్టే ఫీజూ
పక్కపక్కన పడుకోబెడితే కవలలే.
అంటే, నాకో బిడ్డ పుడితే
ఆ బిడ్డను నేను చూసుకోవడానికి
నా జీతం నేనే కట్టుకోవాలి.
ఇది సుధన్వకి మూడుసార్లు చెప్పాను.
మూడోసారి నవ్వాడు.
నవ్వాక చాలాసేపు గిన్నె తోముతూనే ఉన్నాడు,
ఎప్పుడో తెల్లబడ్డ గిన్నెని.

అత్తగారు ఫోన్లో అంటుంది:
"నారు పోసినవాడు నీరు పోయడా?"
పోస్తాడత్తయ్యా,
మూడు నెలలకోసారి బిల్లు కూడా పంపిస్తాడు.
ఇది పైకి అనలేదు. "చూద్దాం" అన్నాను.

ఆలూ లేదు చూలూ లేదు
కొడుకు పేరు సోమలింగం అని నవ్వుతారు కదా,
మా ఇంట్లో ఆలి ఉంది.
పేర్లు కూడా ఉండేవి,
ఫ్రిజ్ మీద, ఒక పసుపు కాగితంలో.
డజను గుడ్లు ఆరు డాలర్లు దాటిన వారం
అదే కాగితం వెనక్కి తిప్పి
సరుకుల జాబితా రాశాడు.
ఇప్పుడు పేర్లు ఫ్రిజ్ వైపు తిరిగి ఉన్నాయి,
చలికి.

మూడంతస్తుల చెక్క ఇల్లు, మధ్యది మాది.
చిన్న గదికి లేతాకుపచ్చ రంగు వేసిందీ మేమే,
నెల తిరక్కుండా అద్దెకిచ్చిందీ మేమే.
ఆ గది మా హీటింగ్ నూనె. ఆ గది మా కారు వాయిదా.
అందులో అకోసువా ఉంటుంది.
రాత్రంతా ఆస్పత్రిలో ముసలివాళ్ళను ఒత్తిగిలబెట్టి
తెల్లారి వచ్చి తలుపేసుకుంటుంది.
గోడ అవతల ఫోను మోగుతుంది.
కుమాసీ నుంచి ఆమె కొడుకు,
ఆరేళ్ళవాడు, ఎక్కాలు అప్పజెప్తాడు.
ఏడో ఎక్కం సగంలో ఆగిపోతాడు, రోజూ అక్కడే.
గోడకి ఇటుపక్క నేను
నోట్లోనే అందిస్తాను:
ఏడేడులు నలభై తొమ్మిది.
కాబట్టి ఆ గదిలో పిల్లాడు లేడని
నేను చెప్పలేను.

ఇవాళ డేకేర్ తాళం వేసి
బస్టాపులో నిలబడ్డాను.
నాకు తొమ్మిది రోజులు దాటింది.
సుధన్వకి చెప్పలేదు.
నా బుర్ర సిగ్గు లేకుండా
ముందు ఆ లెక్కే వేసింది,
నిమిషానికో డాలర్ చొప్పున:
పన్నెండు వేల తొమ్మిదొందల అరవై.

చేతిరుమాలు కోసం జేబులో వెతికితే
మార్గో సాక్సు ఒకటి దొరికింది,
నా బొటనవేలికి సరిపోయేంత.
రేపు మర్చిపోకుండా ఇచ్చెయ్యాలి.

బస్సొచ్చింది. ఎక్కలేదు.
క్యాలెండర్లో కూడా
తొమ్మిదిని ఒకటి అని రాసుకోవచ్చా అనుకుంటూ
ఇంకో బస్సు దాకా నిలబడ్డాను,
సాక్సు వేలికి తొడుక్కుని.