గోస్తనీ, ఒక రోజు సెలవు

కంచరపాలెంలో నాలుగు వీధులకి
తెల్లారి నాలుగున్నరకి నీళ్లు వదిలేది నేనే.
రోడ్డులో మూరెడు గుంత, అడుగున ఇత్తడి తల,
నా భుజాన ఇనప తాళం.
ఎడమకి పదమూడు చుట్లు.
ముప్పావు గంటయ్యాక కుడికి పదమూడు.
పంతొమ్మిదేళ్లుగా నా చేతికొచ్చిన లెక్క ఇదొక్కటే.

ఆదివారం ఆ తాళం బావమరిదికిచ్చి
కిరండూలు బండెక్కాను.
సెలవు చీటీలో కారణం దగ్గర ఏం రాయాలో తోచక
'సొంత పని' అని రాశాను.

హానోకు రెండు లారీ ట్యూబులు
గాలి తీసి గోనెసంచిలో మడిచి తెచ్చాడు.
రాత్రి వెల్డింగు చేసిన కళ్లు, ఇంకా ఎర్రగానే ఉన్నాయి.
గరికిన పోలయ్య ఏమీ తేలేదు.
"సముద్రం మీద పెరిగినోడికి ఏరొక లెక్కేట్రా" అని
ఎస్.కోట దాకా నిద్రపోయాడు.

బొడ్డవర దాటాక సొరంగాలు.
చీకటి మింగినప్పుడల్లా పెట్టె పెట్టంతా అరుస్తుంది.
మొదటిదానికి సిగ్గుపడ్డాను.
నాలుగోదానికి నేనూ అరిచాను.
నా గొంతు అంత పెద్దదని
నలభై ఆరో ఏట తెలిసింది.

చిమిడిపల్లిలో దిగింది మేం ముగ్గురమే.
కిల్లో డొంబురు మా చెప్పుల వంక చూశాడు,
ఏమీ అనకుండా మూడు కర్రలు కోసిచ్చాడు.
గంట పైన దిగుడు.
మిరియాల తీగల కింద, కాఫీ చెట్ల సందున,
ఎండాకుల మీద జారి
పోలయ్య మూడుసార్లు కూలబడ్డాడు.
"పడవైతే ఊగుతాది, నిలబడతాను.
ఈ నేల ఊగదేటి, అందుకే పడిపోతన్నాను."

ఏరు కనబడక ముందే వినబడింది.
ఎవరో కుళాయి కట్టడం మరిచారనుకుని,
ఒట్టు,
నా చెయ్యి భుజం మీద తాళం కోసం తడుముకుంది.

రాళ్లు ఏనుగు పిల్లల్లా పడుకున్నాయి.
వాటి మధ్య నీళ్లు
ఎవరి అనుమతీ లేకుండా
ఎడమకీ కుడికీ తిరుగుతున్నాయి.
హానోకు ట్యూబులో వెల్లకిలా పడుకుని
ఆకాశాన్ని మొదటిసారి నల్లద్దాలు లేకుండా చూశాడు.
పోలయ్య దోసెడు తాగి మొహం చిట్లించాడు:
"ఉప్పెయ్యడం మర్చిపోయార్రా."
తరవాత మడుగులోకి దిగి, నడుం దాకా వెళ్లి,
ట్యూబుని రెండు చేతులా కావలించుకున్నాడు.
"సముద్రం తోస్తే మళ్లీ తెస్తాది.
ఇది పట్టుకెళ్లిపోతాదంతే."
ఎవరం నవ్వలేదు.

ఒడ్డున డొంబురు అడిగాడు, ఈ నీళ్లు ఎంతదూరం పోతాయని.
తాటిపూడి చెప్పాను, పైపులు చెప్పాను,
ట్యాంకు, గుంత, పదమూడు చుట్లు చెప్పాను.
"రోజూనా?"
"రోజు విడిచి రోజు. ముప్పావు గంట."
చాలాసేపు ఏటి వంక చూశాడు.
"మరి మిగతా టైములో
దీన్ని ఎక్కడ నిలబెడతారు?"

ఎక్కేటప్పుడు ఊపిరి చాల్లేదు.
సగం దారిలో కూర్చుని నీళ్ల సీసా మూత తిప్పుతుంటే
ఒకావిడ ఎదురుగా దిగింది,
రెండు ఖాళీ బిందెలు, ఒకదానిలో ఒకటి.
"మాయావిడే" అన్నాడు డొంబురు.
మా ఊళ్లో ట్యాంకు కట్టారు, పైపే రాలేదన్నాడు,
వానాకాలం ముందొస్తే మడుగు ఇంకా బాగుంటదని కూడా అన్నాడు,
అదే గొంతుతో.
నేను సీసా మూత మళ్లీ బిగించాను.
మేం కర్రలు పట్టుకుని దిగిన దారి అది.
ఆవిడ చేతిలో కర్ర లేదు.

సోమవారం నాలుగున్నర.
గుంతలోకి తాళం దించాను.
పైపులో ఎప్పుడూ ముందు గాలే వస్తుంది, తరవాతే నీళ్లు.
ఆ గాలి సొరంగంలో పిల్లాడిలా అరిచింది.
నేను నోరు తెరిచి, వరసలో బిందెల్ని చూసి
మూసుకున్నాను.

"చేతులంతా ఈ గీతలేటి మరిదీ?" అంది ముందు బిందె.

"సొంత పని" అన్నాను.