పావుగంటకొక టిక్కు

రాత్రి పదకొండుకి తాళాలు నా చేతికొస్తాయి.
పదిహేడు తాళాలు, ఒక టార్చి, ఒక అట్టపుస్తకం.
పావుగంటకోసారి పన్నెండు మంచాల మీదుగా నడిచి
దుప్పటి లేచి పడుతోందో లేదో చూసి
గడిలో టిక్కు పెట్టాలి.
పేజీ పైన మూడే మాటలు అచ్చేసి ఉంటాయి:
నిద్ర. మెలకువ. లేడు.

కంటికి రెప్పలా కాచుకోవాలంటారు.
వాల్చడానికి వీల్లేని రెప్పని నేను.

మోంటానాలో ఈ లోయకి అక్టోబరులోనే మంచు దిగుతుంది.
ఒకప్పుడిది గుర్రాలు పెంచిన చోటు.
లాయాన్ని గ్రూపు గది చేశారు,
ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేశారు.
వాన పట్టిందంటే మాత్రం
గచ్చులోంచి పాత చెమట వాసన లేస్తుంది.
ఎవరిమీదా నోరు విప్పని పిల్లలు
ఆ పూట గుర్రాల గురించి అడుగుతారు.

చెంచాలు ముప్పై ఆరు, రోజూ లెక్కపెడతాం.
బూట్ల లేసులు వచ్చిన రోజే లాగేసి
పేరు రాసిన కవరులో వేసి
నా బల్ల కింది సొరుగులో పెడతాం.
గుమ్మం పక్కన పన్నెండు జతలు
నాలుకలు వేలాడేసుకుని పడుంటాయి.

ఇక్కడికి రాకముందు
కలప మిల్లులో పలకలకి గ్రేడు వేసేదాన్ని.
ముడి ఉన్న పలక రెండో రకం, పక్కన పడేయాలి.
ముప్పై ఏళ్ళు పడేశాను.
కొమ్మ పుట్టిన చోటే ముడి పడుతుందని తెలిసి కూడా.

ఏడో మంచం ఈమన్‌ది.
బ్యూట్ నుంచి వచ్చాడు, పదిహేను నిండలేదు.
టార్చి వెలుగు పడగానే
"టైమెంత, మార్లిస్?" అంటాడు.
చెబుతాను. ఏదో బాకీ తీరినట్టు అటు తిరుగుతాడు.
నవంబరులో ఒక రాత్రి, రెండూ నలభైకి,
దుప్పటి కింద దిండు తప్ప ఏమీ లేదు.

ఎంతో దూరం పోలేదు.
పశువులు దాటకుండా రోడ్డుకి అడ్డంగా వేసిన ఇనప కమ్మీల్లో
లేసు లేని బూటొకటి ఇరుక్కుంది.
మంచులో ఒంటికాలి మీద నిలబడి
దాన్ని పీకుతున్నాడు, తిడుతున్నాడు.
పారిపోయేవాడు బూటుని వదిలేస్తాడు కదా.
"మా అక్క కొనిచ్చింది," అన్నాడు.
ఇద్దరం లాగాం. వచ్చింది.
పికప్పులో హీటరు ముందు పాదాలు పెట్టుకుని
దారంతా ఒక్కటే అడిగాడు:
"పుస్తకంలో ఏం రాస్తావు?"

లేడు అని రాస్తే మళ్ళీ మొదటి మెట్టు.
నలభై రోజులు ఫోను ఉండదు,
ఆదివారం అక్క గొంతు ఉండదు.
నాకు తెలుసు. వాడికీ తెలుసు.

లేడు అనే రాశాను.

ఎందుకంటారా, పక్క భవనంలో
రెండేళ్ళ కింద ఒక ఉదయం
పన్నెండు గడుల్లోనూ నిద్ర అనే ఉంది.
పదకొండు మందే లేచారు.

ఆ తర్వాత పదకొండు రాత్రులు
వాడు నన్ను టైము అడగలేదు.
నేను మాత్రం ఏడో మంచం దగ్గర ఆగి
నాలో నేను చెప్పుకునేదాన్ని,
ఒకటీ పదిహేను. ఒకటీ ముప్పై.
గోడలకి కూడా నా మీద అలకే అనిపించేది.

పన్నెండో రాత్రి వంగి చూడబోతుంటే
దుప్పట్లోంచి రెండు వేళ్ళు పైకి లేచాయి.
కళ్ళు మూసే ఉన్నాయి. మాట లేదు.
ఇక్కడే ఉన్నాలే, వంగకు, నీకు నడుము నొప్పి, అన్నట్టు.
రెండు వేళ్ళూ మళ్ళీ లోపలికి పోయాయి.

మెలకువ అని పెడితే
పొద్దున్నే నర్సు ఇంకో మాత్ర పెంచుతుంది.
పెన్ను పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
నిద్ర, అని టిక్కు పెట్టాను.
చెయ్యి వణికి గడి దాటింది.

ఎనిమిదో మంచం వాడు గురక పెడతాడు.
వాడితో పేచీ లేదు.