మొగిలమ్మ ఫోను

కొర్లగుంటలో మా అంగడి వెడల్పు నాలుగడుగులు.
షట్టరెత్తితే నేనూ, సోల్డరింగ్ కడ్డీ,
తడిసిన ఫోన్లు పడుకునే బియ్యం డబ్బా.
కొండమీద యజమానితో పాటు
మూడు మునకలేసి వచ్చినవే ఎక్కువ.
పుణ్యం వాళ్ళకి, పని నాకు.

బోర్డుమీద వెంట్రుకవాసి తెగుళ్ళు పట్టుకోడానికి
పోయిన నెల బుల్లి మైక్రోస్కోపొకటి కొన్నాను.
దగ్గుమందు సీసా అంత, పిడికిట్లో ఇమిడిపోతుంది.
మూతి చుట్టూ ఎనిమిది దీపాలు,
తోకకి వైరు, వైరు చివర అరచెయ్యంత తెర.

మొగిలమ్మ వచ్చింది. చంకన పూలగంప,
కొంగుముడిలో బటన్ల ఫోను.
"చార్జి ఎక్కడంలే రత్నం, మూడు దినాలుగా."

పిన్ను దూర్చే సందు
తెరమీద గుహలా తెరుచుకుంది.
లోపల ఒక చీమ.
కాళ్ళు ముడుచుకుని, మీసాలు ముందుకు చాచి,
దర్శనం క్యూలో కూచునే నిద్రపోయిన మనిషిలా
ఎప్పుడు పోయిందో పోయింది.
దవడల మధ్య పచ్చటి గుండు,
ఒళ్ళంతా ముళ్ళు.
పుప్పొడి అన్నాను.
"మా చామంతిదే. ఫోను గంపలోనే కదా పడుండేది."

పట్టకారుతో లాగి కాగితంమీద పెట్టాను.
ఫోను గణగణమంది. ముప్పై రూపాయలు.
ఆమె మాత్రం కదల్లేదు.
గంపలోంచి ఒక కనకాంబరం తీసి
"దీన్ని చూపీ" అంది.

నారింజ రంగు మైదానం, దానిమీద గాట్లు,
గాట్ల పక్కన నింపాదిగా నడుస్తూ
లేతపసుపు ప్రాణి, ఈకల్లాంటి రెక్కలు మడిచి.
తామరపురుగు.
"మా అల్లుడు మిరపతోటలో నిలబడి
నోటికొచ్చినట్టు తిట్టేది దీన్నేనా?
ఇంత నాజూగ్గా ఉండాదే!"

మరువం పెట్టాను.
ఆకు నిండా నూనెబొట్లు,
దీపాలు పడగానే ఒక్కసారి మెరిశాయి.
చాలాసేపు చూసింది.
ముప్పై ఏళ్ళుగా వేళ్ళకంటుకుని ఇంటికొచ్చే వాసన.
"ఈడ దాచిపెట్టినావా, దొంగదానా."

అంగడి వెనక, లాడ్జి ఏసీ నీళ్ళు కారే గోడకి నాచు.
వైరు చాల్లేదు. ఎక్స్‌టెన్షను పెట్టె తగిలించి
ఇద్దరం గోడకి ముఖాలానించి నిలబడ్డాం.
తెరమీద అడవి.
ఒక్కో చెట్టు కొసన నీటిబుడ్డ, బుడ్డలో తలకిందులుగా
మా ఎనిమిది దీపాలు.
మొదళ్ళ దగ్గర ఎర్రటి గుండ్రని జీవి ఒకటి
ఎవరో పిలిచినట్టు ఆగి,
ఎవరూ కాదని తేల్చుకుని, పోయింది.

అప్పటికి బేరం ముగ్గురు.
గుండుమీద గంధం ఆరీ ఆరని షోలాపూర్ పెద్దాయన
ఏమిటేమిటని తల దూర్చాడు.
మొగిలమ్మ అడగా లేదు పెట్టా లేదు,
సీసా తీసి ఆయన నడినెత్తిన ఆనించింది.
బీటలు వారిన చెరువు,
బీటల్లో కోసేసిన వరిమడి,
అప్పుడే, అంత త్వరగా, మొలకలు.
పెద్దాయన తెర చూశాడు, తల తడుముకున్నాడు,
మళ్ళీ చూశాడు. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు.
మొగిలమ్మకి అర్థమైనట్టే తలూపింది.

ఆ ఫోను మళ్ళీ చెడలేదు. ఆమె రాకా ఆగలేదు.
రోజుకొకటి, తమలపాకులో మడిచి.
గన్నేరు పేను, నిమ్మాకు తొలిచిన దారి,
ఒకరోజు ఊరికే మట్టి.
వచ్చీ రాగానే "మా చీమ యాడుండాది?"
రసీదు పుస్తకం అట్టలోపల టేపుకింద ఉంది.
తెరిచి చూపించాల్సిందే.

కొండెక్కేవాళ్ళు పూలు పెట్టుకోరు కదా,
ఆమె బేరమంతా దిగొచ్చే వాళ్ళతోనే.
మూర కట్టడానికిప్పుడు రెట్టింపు సేపు పడుతోందని
పక్కగంప కుప్పమ్మ చాడీ చెప్పింది.
నిన్న సాయంత్రం బస్టాండు దగ్గర నేనే చూశాను.
ఒక్కో పువ్వునీ నోటిదాకా తెచ్చి, మెల్లగా ఊది,
ఆ తర్వాతే దారం వేస్తోంది.
"దిగండి నాయనా, దిగండి,
లాస్టు స్టాపు."