రెండోసారి ఒంటిగంట

అక్టోబరు చివరి ఆదివారం. డండీ ఆసుపత్రి, ఆరో వార్డు.
రెండు అవుతుందనగా
గోడ మీది గడియారం మళ్ళీ ఒంటిగంట అయింది.
రాత్రి డ్యూటీకి ఓ గంట కొసరు.
ఈ గంటకి జీతం కడతారా అని
మోరాగ్ ఏటా అడుగుతుంది, ఏటా నవ్వుతుంది.

చార్టులో ఒకటిన్నర రెండుసార్లు రాశాను,
రెండోదాని పక్కన చిన్న చుక్క పెట్టి.
ఒకే నిమిషానికి రెండు జ్వరాలేమిటని
పొద్దున ఎవరూ కంగారు పడకుండా.

నాలుగో మంచం ఇమ్రీ ముసలాయన
ముప్పై ఎనిమిదేళ్ళు లోఖీ వీధుల్లో పాలబండి నడిపాడు.
బండి అమ్మేసి పంతొమ్మిదేళ్ళు.
ఇప్పటికీ రెండూ యాభైకి
ఎవరో భుజం తట్టినట్టు కళ్ళు తెరుస్తాడు.

ఈ రాత్రి గడియారంలో ఒకటీ యాభై.
లేచి కూర్చుని చెప్పుల కోసం కాళ్ళతో వెతుకుతున్నాడు.
"ఇంకో గంట పడుకోండి, టైము మార్చారు" అన్నాను.
"నీ గోడకి చెప్పారు కాబోలు,
నాకెవరూ చెప్పలేదే."

నాక్కూడా.
ఏడేళ్ళుగా పడగ్గది కిటికీకి
వంటింటి రేకు కాగితం అంటించి
పగటిని బయటే నిలబెట్టాను.
సముద్రపు కొంగలు మాత్రం కప్పు మీద తగాదా మానవు.
నాలుగింటికి పెరుగన్నం డబ్బా తెరిస్తే
కొట్టు కట్టేశాక వచ్చిన బేరాన్ని చూసినట్టు
చూస్తుంది కడుపు.

కళ్ళ వెనక ఎక్కడో
బియ్యపుగింజంత చోట పెద్ద గడియారం ఉందట.
కాలేయానికి ఇంకొకటి, గుండెకి మరొకటి.
పెద్దదాని మాట మిగతావి వినాలట.
నా ఒంట్లో ఎప్పుడో వేరు కుంపట్లు పెట్టుకున్నాయి.
"చక్కెర అంచు మీద ఉంది" అంది డాక్టరమ్మ.
అంచుకి అవతల ఏముందో నేనడగలేదు,
అప్పుడు నిద్రొస్తోంది.

ఇమ్రీకి టీ పెట్టి ఇచ్చాను. పాలు తనే పోసుకున్నాడు,
ఒక్క చుక్క పక్కన పడకుండా.
"నీకిప్పుడు ఎంతయింది, అమ్మాయ్?"
మణికట్టు చూసుకున్నాను. అది ఆసుపత్రి టైము.
తెలీదన్నాను.

డ్యూటీ అప్పగించేసరికి ఆయన గురక పెడుతున్నాడు.
వేళ్ళు మాత్రం దుప్పటి మీద
ఎవరి గుమ్మంలోనో, చప్పుడు కాకుండా,
సీసాలు దించుతున్నాయి.

బయట టే నది మీద ఎండ,
నిన్నటికన్నా గంట ముందే.
చలికాలం ఎండకి నల్లద్దాలేమిటని
బస్సు డ్రైవరు చూశాడు.
అప్పులవాడికి కనపడకుండా సందు తిరిగినట్టు
తల వంచుకుని
వెనక సీట్లో కూర్చున్నాను.